ట్యాంకు తీశారు, విషాన్ని ఎవరు తీస్తారు?



రాయపూర్ నగరానికి పడమటి వాకిలి టాటీబంధ్. గ్రేట్ ఈస్టర్న్ రోడ్డు మీద భిలాయి, నాగపూర్‌ల నుండి వచ్చే లారీలు, బిలాస్‌పూర్ వైపు మళ్ళే లారీలు కలుసుకొని విడిపోయే కూడలి అది. లారీల వెంట గ్యారేజీలు, గ్యారేజీల వెంట బంకులు, వాటి నడుమ కాపురాలు ఏళ్ళ తరబడి పెరిగినవి. ముంబయి–హౌరా ప్రధాన రైలు మార్గం అక్కడికి దగ్గరలోనే ఉన్నది. 2012లో ప్రారంభమైన అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ కూడా అక్కడే ఉన్నది. 1931లో విజయనగరం–రాయపూర్ లైను పూర్తియైన నాటి నుండి ఉత్తరాంధ్ర కుటుంబాలకు ఈ నగరంతో రాకపోకలు, చుట్టరికాలు బలపడినవి. రైల్వే కొలువుల కొరకు వచ్చి అక్కడే స్థిరపడిన వారు మన సభ్యులలో అనేకులు. అందుచేత టాటీబంధ్ సంగతి తెలుగు బులెటిన్‌లో వ్రాయుటకు వేరే సంజాయిషీ అక్కరలేదు.

ఆ ప్రాంతంలో ఒకచోట రోడ్డు ప్రక్కన భూమిలో ఉన్న పాత ఇంధన ట్యాంకులను త్రవ్వి తీశారు. మా కార్యకర్తలు చెప్పగా మేము స్వయంగా వెళ్ళి చూచి వచ్చాము. క్రేను వచ్చినది. తుప్పు పట్టిన ట్యాంకు పైకి లేచినది. పాత ఇనుము వ్యాపారి తూకం వేసుకొని దానిని తీసుకొని పోయాడు. గొయ్యిలో మట్టి నల్లగా, జిడ్డుగా ఉన్నది. దాపునకు పోతే ముక్కు పగిలే వాసన. అదే మట్టిని అదే గొయ్యిలోకి త్రోసి, పైన మొరం పరచి, రోలరు నడిపి చదును చేశారు. కాగితం మీద "తొలగింపు పూర్తి" అని వ్రాసి సంతకం పెట్టుకున్నారు. వానలు పడిన తరువాత తన బోరు నీటిలో కిరోసిన్ వాసన వస్తున్నదని దగ్గరలోని టీ కొట్టు యజమాని మాతో అన్నాడు. ఎవరితో చెప్పుకోవలెనో అతనికి తెలియదు. అడిగితే, "అక్కడ ఇప్పుడు ట్యాంకే లేదు గదా!" అన్నారట.

సోదరులారా, ఈ వ్యాసం ఆ ఒక్క సమాధానం మీద వ్రాస్తున్నది. మా మాట స్పష్టం. ట్యాంకు తీయుట పనికి ముగింపు కాదు, ఆరంభం. ఎవరు ఆ ట్యాంకులో ఇంధనం నిలువచేసి లాభమో, సౌకర్యమో పొందారో, వారే దాని చుట్టూ ఉన్న మట్టిని, నీటిని పరీక్షించవలెను, శుభ్రపరచవలెను, ఫలితాన్ని ప్రజల ముందు పెట్టవలెను. అది జరగనంత వరకు ఏ అధికారి సంతకమూ ఆ గొయ్యిని పూడ్చలేదు.

ఇది యూనియన్ పనియేనా?

కరువు భత్యం, బోనసు, పదోన్నతులు వదలి మట్టిని గురించి, బావిని గురించి వ్రాయుట దేనికని కొందరు మిత్రులు అడుగవచ్చును. వారికి మా జవాబు ఇది. బ్రాడ్‌గేజి మార్గాల విద్యుదీకరణ దాదాపు పూర్తియైనది. డీజిలు ఇంజనుల కాలం వెనుకబడినది. డీజిలు షెడ్లలో, యార్డులలో ఇంధనం నింపే చోట్లు ఒక్కొక్కటే మూతపడుతున్నవి. తపాలా శాఖ మెయిల్ మోటార్ సర్వీసు డిపోలలో స్వంత పంపు ఉన్న చోట్ల కూడ ఇదే ప్రశ్న నేడో రేపో వస్తుంది. ఆ ట్యాంకుల మీద పనిచేసినవారు మనవారు. ఆ ప్రక్కనే క్వార్టర్లలో కాపురముండి, అక్కడి బోరు నీళ్ళు త్రాగినవారు మన బిడ్డలు. రేపు ఆ స్థలాన్ని అద్దెకో, దీర్ఘకాల లీజుకో ఇచ్చి సొమ్ము చేసుకొనే ఆలోచనలు పైన సాగుతున్నవి. రైల్వే భూముల కొరకు ఒక ప్రత్యేక సంస్థనే చట్ట సవరణ ద్వారా నెలకొల్పి ఏళ్ళు గడిచినవి. భూమి విలువ లెక్క కట్టేవారు, ఆ భూమిలో ఇంకిన విషం లెక్క కట్టడం లేదు. ఉద్యోగి ఆరోగ్యం యూనియన్ పని కాకపోతే మరేది యూనియన్ పని?

మట్టిలో మిగిలేది ఏమిటి?

భూమిలోకి కారిన పెట్రోలు, డీజిలు ఒకేచోట, ఒకే రూపంలో నిలిచి ఉండవు. కొంత భాగం మట్టి రేణువులను అంటిపెట్టుకొని జిడ్డుగా మిగిలిపోతుంది. కొంత ఆవిరియై మట్టి సందులలో నిలుస్తుంది. ఎక్కువ మొత్తంలో కారినప్పుడు భూగర్భజల మట్టం వరకు దిగి, నీటికంటె తేలిక గనుక నీటి మీద తెట్టె కట్టి తేలుతుంది. అందులో కరిగే గుణమున్న పదార్థాలు నీటిలో కలిసి, నీరు పోయిన త్రోవనే పోతాయి. ట్యాంకు తీసివేస్తే కొత్తగా కారుట ఆగుతుంది, నిజమే. కాని ఇప్పటికే కారినది ఈ నాలుగు రూపాలలోను అక్కడే ఉంటుంది. కుండ పగిలి నూనె ఒలికిన తరువాత పెంకులు ఏరివేసి ఇల్లు శుభ్రమైనదని చెప్పే ఇల్లాలు ఉంటుందా? మన అధికారులు చెబుతున్నది సరిగ్గా అదే.

రాయపూర్ నేల ఈ విషయంలో మరీ జాగ్రత్తగా చూడవలసిన నేల. నగరం క్రింద ఉన్నది సున్నపురాతి పొర. ఆ చుట్టుప్రక్కల అన్ని సిమెంటు కర్మాగారాలు వెలయుటకు కారణం అదే. సున్నపురాతిలో పగుళ్ళు, నీరు కరిగించి చేసిన సొరంగాల వంటి ఖాళీలు ఉంటాయి. ఇసుక నేలలో నెమ్మదిగా, ఒక తీరున కదలే కలుషిత జలం ఈ పగుళ్ళలో పడితే ఏ దిక్కునకు, ఎంత దూరం పోతుందో పైనుండి చూచి చెప్పుట సాధ్యం కాదు. దగ్గర బావి బాగుండి దూరపు బోరు చెడవచ్చును. పైన ఉన్న నల్లరేగడి వేసవిలో బీటలు వారి, వానలకు ఉబ్బుతుంది. ఆ కదలికకు భూమిలోని గొట్టాల అతుకులు వదలుతాయి. ఇక వానాకాలంలో భూగర్భజలం పైకి లేచినప్పుడు తనతో పాటు జిడ్డును పైకి తెస్తుంది. వేసవిలో దిగినప్పుడు ఆ జిడ్డును క్రింది మట్టికి పూస్తుంది. ఏటేటా ఈ పూత మందమవుతుంది. టీ కొట్టు బోరులో వాసన వానల తరువాత వచ్చినదంటే ఆశ్చర్యపడవలసినది లేదు. వేసవిలో ఒక్కసారి నమూనా తీసి "నీరు బాగానే ఉన్నది" అని వ్రాసే పరీక్షను నమ్మరాదనుటకు కారణం కూడ ఇదే.

విషం ఎంత? లెక్క వేసి చూడండి. పెట్రోలులో ఉండే బెంజీన్ మనిషికి క్యాన్సర్ కలిగించే పదార్థమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ మొదటి వర్గంలో చేర్చినది. త్రాగునీటిలో లీటరుకు 10 మైక్రోగ్రాములకు మించి బెంజీన్ ఉండరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించినది. నేడు మన దేశంలో అమ్మే పెట్రోలులో బెంజీన్ నూటికి ఒక పాలు దాటరాదు. ఆ లెక్కన ఒక లీటరు పెట్రోలులో 10 మిల్లీలీటర్ల బెంజీన్, అనగా సుమారు 8.8 గ్రాములు ఉండవచ్చును. అంత బెంజీన్ పూర్తిగా నీటిలో కలిస్తే సుమారు 8 లక్షల 80 వేల లీటర్ల నీటిని ఆ హద్దుకు తీసుకొని పోగలదు. ఇది ఒక్క లీటరు సంగతి. పాత ట్యాంకులు పనిచేసిన కాలంలో పెట్రోలులో బెంజీన్ పాలు ఇంతకంటె ఎక్కువగా ఉండేది. డీజిలులో బెంజీన్ చాలా తక్కువ, ఆ మాట దాచము. కాని డీజిలు బరువైన నూనె. అది త్వరగా ఆవిరి కాదు, మట్టిని పట్టుకొని ఏళ్ళ తరబడి వదలదు.

ఆవిరి సంగతి వేరు. అది గాలికంటె బరువైనది, పల్లానికి పారుతుంది. మురుగు కాలువలు, కేబుల్ కందకాలు, మాన్‌హోళ్ళు, నేలమాళిగలు దానికి రహదారులు. 1992 ఏప్రిల్ 22న మెక్సికో దేశంలోని గ్వాదలహారా నగరంలో తుప్పు తిన్న గొట్టం నుండి కారిన పెట్రోలు మురుగు కాలువలలో చేరి పేలినది. వీధులకు వీధులే ఎగిరిపోయి 200 మందికి పైగా మరణించారు. మన దేశంలో 2013లో చెన్నై తండయార్‌పేటలో భారత్ పెట్రోలియం సంస్థ గొట్టపు మార్గం నుండి కారిన ఇంధనం ఇళ్ళ బోరు బావులలో తేలినది. ఆ వ్యవహారం జాతీయ హరిత ట్రిబ్యునల్ వరకు పోయినది. తెలుగు కుటుంబాలు తరతరాలుగా ఉన్న ఉత్తర చెన్నై పేటలలో అది ఒకటి.

షార్టేజి కేసు

మా సంఘ జీవితంలో మరువలేని కేసు ఒకటి ఇక్కడ చెప్పవలెను. డిపో పేరు, మనిషి పేరు చెప్పము. ఆయన ఇంధన స్టోరులో గుమాస్తా. ప్రతి ఉదయం ట్యాంకులోకి కొలబద్ద దించి, తడి ఎంతవరకు ఉన్నదో చూచి, రిజిస్టరులో వ్రాయుట ఆయన విధి. నెల నెలా నిలువ లెక్కకు తగ్గుతూ వచ్చినది. "ఆవిరి నష్టం" క్రింద కొంత త్రోసివేశారు. మిగిలినది షార్టేజి అన్నారు. దొంగతనమని నోటితో అనలేదు గాని, చార్జిషీటులో ఉన్న భావం అదే. ఇంక్రిమెంటు ఆపారు, జీతం నుండి వాయిదాల మీద సొమ్ము వసూలు చేశారు. "నేను అమ్ముకోలేదు, ట్యాంకే త్రాగుతున్నది" అని ఆయన విచారణలో చెప్పిన మాటను ఎవరూ పట్టించుకోలేదు. ట్యాంకుకు పీడన పరీక్ష చేయించండని మేము వ్రాసిన ఉత్తరాలకు జవాబు రాలేదు.

ఆయన పదవీ విరమణ చేసిన చాలా ఏళ్ళకు ఆ ట్యాంకును త్రవ్వి తీశారు. అడుగున రంధ్రం ఉన్నది. ఎక్కడ? కొలబద్ద దించే గొట్టానికి సరిగ్గా క్రింద. ప్రతి ఉదయం బద్ద కొన తగిలిన చోటనే రేకు అరిగి, తుప్పు తిని, తూటు పడినది. దెబ్బ తగిలే చోట అదనంగా ఒక రేకు వేయవలెనన్నది ఈ పనిలో అందరికీ తెలిసిన జాగ్రత్త. ఆ ట్యాంకుకు ఆ రేకు లేదు. తన విధిని ఒక్కరోజు తప్పకుండ నిర్వర్తించిన మనిషి చేతి కొలతే ఆ రంధ్రాన్ని చేసినది; ఆ రంధ్రం గుండా పోయిన డీజిలుకు ఖరీదు ఆయనే కట్టాడు. సెకనుకు ఒక్క చుక్క కారితే రోజుకు 4 లీటర్లకు పైగా, ఏడాదికి 1,500 లీటర్లకు పైగా అవుతుంది. చుక్కే గదా అని తీసివేయరాదు. ఫైలు ముగిసినదని, సొమ్ము తిరిగి ఇచ్చుటకు వీలులేదని మాకు జవాబిచ్చారు. మట్టిని పరీక్షించారా అంటే అదీ లేదు. ఆయన జీతం నుండి వసూలు చేసిన డీజిలు ఇంకా ఆ నేలలోనే ఉన్నది.

యాజమాన్యాల సాకులు

మొదటి సాకు: ట్యాంకు తీశాము, ఇక ప్రమాదం లేదు. అమెరికా సైన్యం హవాయి దీవులలో రెడ్ హిల్ అనేచోట 1940ల ఆరంభంలో కొండ కడుపులో 20 భారీ ఇంధన ట్యాంకులు కట్టినది. ఒక్కొక్కదానిలో కోటి 25 లక్షల గాలన్ల ఇంధనం పట్టేది. 2021 నవంబరులో అక్కడ కారిన ఇంధనం త్రాగునీటిలో కలిసినది. ఆ నీటి వ్యవస్థ మీద ఆధారపడినవారు సుమారు 93,000 మంది. వారిలో అనేకులు సైనికుల కుటుంబాలే. చివరకు ఆ కేంద్రాన్ని మూయక తప్పలేదు. 2024 నాటికి ట్యాంకులు ఖాళీ చేశారు. ట్యాంకులు ఖాళీయైనవి గనుక పని ముగిసినదని అక్కడ ఎవరూ అనలేకపోయారు. మట్టి, నీరు పరీక్షించే పని, శుభ్రపరచే పని ఆ తరువాతనే మిగిలినది. అంతటి సైన్యానికి వర్తించిన న్యాయం టాటీబంధ్ రోడ్డు ప్రక్క గొయ్యికి వర్తించదా?

రెండవ సాకు: మట్టి తనంతట తానే బాగుపడుతుంది. ఇందులో సగం నిజం ఉన్నది, అందుకే ఇది మోసకరమైనది. మట్టిలోని సూక్ష్మజీవులు ఇంధనాన్ని తిని కొంతవరకు విరగగొట్టగలవు. గాలి, తడి, పోషకాలు చాలినంత ఉన్నచోట కొన్ని స్థలాలు క్రమంగా కోలుకొనుట కూడ నిజమే. కాని శాస్త్రజ్ఞులు దీనిని ఒక పద్ధతిగా అంగీకరించినప్పుడు దానికి షరతు పెట్టారు. మొదట కారుట ఆగవలెను, తేలే నూనెను తోడివేయవలెను, చుట్టూ పరీక్షా బావులు వేసి విషం తగ్గుతున్నదో లేదో ఏళ్ళ తరబడి కొలవవలెను, తగ్గకపోతే వేరే చికిత్స చేయవలెను. రోగిని మంచం మీద ఉంచి దినదినం జ్వరం చూచుట వైద్యమే కావచ్చును. గదికి తాళం వేసి పోవుట వైద్యం కాదు. మన యాజమాన్యాలు చేస్తున్నది తాళం వేయుట.

మూడవ సాకు: ఖర్చు భరించలేము. ఆలస్యం చేసిన కొలది ఖర్చు పెరుగునే గాని తరగదు. రాజస్థాన్‌లోని బిఛ్రీ గ్రామంలో రసాయన పరిశ్రమలు మట్టిని, బావులను పాడుచేసిన కేసులో సుప్రీంకోర్టు 1996 ఫిబ్రవరి 13న తీర్పు చెప్పినది. పాడుచేసినవాడే బాగుచేయు ఖర్చు పెట్టుకోవలెనన్న సూత్రాన్ని స్థిరపరచినది. శుభ్రపరచు వ్యయం 37.385 కోట్ల రూపాయలుగా తేలినది. పరిశ్రమ యజమానులు కోర్టులలో ఏళ్ళు గడిపారు. 2011లో ఆ మొత్తాన్ని 12 శాతం చక్రవడ్డీతో చెల్లించమని సుప్రీంకోర్టు ఆదేశించినది. అది ఇంధన ట్యాంకు కేసు కాదు, న్యాయం మాత్రం అదే. అమెరికాలో 1984లో చట్టం చేసి భూగర్భ ట్యాంకులను లెక్కించుట ఆరంభించిన తరువాత 5 లక్షలకు పైగా చోట్ల ఇంధనం కారినట్లు తేలినది. గాలనుకు ఒక సెంటులో పదవ వంతు చొప్పున ఇంధనం మీద పన్ను వేసి శుభ్రపరచుటకు నిధి ఏర్పాటు చేశారు. వాటిలో అధిక భాగం శుభ్రపరచారు, పదుల వేల చోట్ల ఇంకా పని మిగిలి ఉన్నది. లెక్కించిన దేశానికే ఇంత పని ఉన్నప్పుడు, లెక్కించని దేశంలో పని లేదనుకొనుట ఆత్మవంచన.

నాల్గవ సాకు: నిపుణులు లేరు. రాయపూర్‌లో రైలెక్కితే సుమారు 300 కిలోమీటర్లలో నాగపూర్ ఉన్నది. పెట్రోలియం నిలువలకు లైసెన్సులిచ్చే పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థ ప్రధాన కార్యాలయం అక్కడే ఉన్నది. మట్టి, నీటి కాలుష్యాల మీద దశాబ్దాలుగా పరిశోధనలు చేస్తున్న జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధనా సంస్థ, నీరీ, అక్కడే ఉన్నది. నూనెను తినే సూక్ష్మజీవుల మిశ్రమాన్ని ఢిల్లీలోని టెరీ సంస్థ తయారుచేసి 'ఆయిల్‌జాపర్' అనే పేరుతో చమురు క్షేత్రాలలోని మట్టి మీద వాడినది. మట్టిని త్రవ్వి కుప్పలు పోసి, గాలి, తడి, ఎరువు అందించి శుభ్రపరచే విధానం ఉన్నది. మట్టి సందుల నుండి ఆవిరిని పంపులతో పీల్చే విధానం ఉన్నది. నీటి మీద తెట్టెను తోడే విధానం ఉన్నది. లేనిది విద్య కాదు, ఉత్తరువు.

చట్టం ఉన్నది, కదలిక లేదు

చట్టాలు లేవని ఎవరూ అనలేరు. 1934 పెట్రోలియం చట్టం, దాని క్రింద 2002 నిబంధనలు ఉన్నవి. పెట్రోలియం నిలువ ట్యాంకులను శుభ్రపరచగా వచ్చే మడ్డి, నూనె అంటిన వ్యర్థాలు 2016 ప్రమాదకర వ్యర్థాల నిబంధనల పట్టికలో ఉన్నవి. వాటిని అనుమతి పొందిన చోటికే పంపవలెను గాని రోడ్డు ప్రక్క పారబోయరాదు. కొత్త పెట్రోలు బంకు పాఠశాలలు, 10 పడకలు, అంతకు పైబడిన ఆసుపత్రులు, నివాస ప్రాంతాల నుండి 50 మీటర్ల దూరంలోను, తప్పని పరిస్థితిలో అదనపు భద్రతతో 30 మీటర్లకు తగ్గకుండాను ఉండవలెనని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020 జనవరిలో మార్గదర్శకాలు ఇచ్చినది. ఇక 2025 జూలైలో కేంద్ర ప్రభుత్వం కలుషిత స్థలాల నిర్వహణ కొరకే ప్రత్యేక నిబంధనలను ప్రకటించినది. అనుమానమున్న స్థలాల జాబితాను జిల్లా యంత్రాంగం పంపవలెను, రాష్ట్ర మండలి పరిశీలించవలెను, పాడుచేసినవాడు ఖర్చు భరించవలెను అని అందులో ఉన్నది. సంతోషమే. కాని స్థలం కలుషితమని తేలిన తరువాత ఎన్నాళ్ళలో శుభ్రం చేసి ముగించవలెనో గడువు లేదు. ఆ నిబంధనలు వచ్చే నాటికి దేశంలో గుర్తించిన కలుషిత స్థలాలు 103, పని మొదలైనవి 7 మాత్రమే. ఆ 103లో మన ఊరి పాత ట్యాంకు గోతులు ఎన్ని ఉండగలవో మీరే ఊహించుకొనవచ్చును. జిల్లా అధికారి జాబితాలో చేర్చవలెనంటే ముందు ఎవరో ఒకరు ఆయనకు చెప్పవలెను.

గడువులేని బాధ్యత ఏమవుతుందో భోపాల్ నేర్పినది. 1984 డిసెంబరు రాత్రి ఆ నగర స్టేషనులో విధినిర్వహణలో ఉండి ప్రాణాలొడ్డిన రైల్వే సోదరులను మనం మరువలేదు. ఆ కర్మాగారంలో మూటలు కట్టి ఉంచిన 337 టన్నుల విష వ్యర్థాలను కదలించుటకు 40 ఏళ్ళు పట్టినది. 2025 జనవరిలో వాటిని పీథంపూర్‌కు తరలించి, ఆ ఏడాది దహనం చేశారు. కర్మాగారం ఆవరణలోని మట్టిలో, చుట్టుప్రక్కల భూగర్భజలంలో చేరిన విషం మూటలతో పాటు లేచి పోలేదు. పైకి కనబడేది తీసుకొని పోయి, కనబడనిది ప్రజలకు వదలుట మన దేశంలో అలవాటుగా మారినది.

ట్యాంకులో దిగే మనిషి

మట్టిని గురించి, నీటిని గురించి ఇంత చెప్పిన తరువాత మనిషిని గురించి చెప్పకపోతే తప్పు. నిండు ట్యాంకుకంటె ఖాళీ ట్యాంకు ప్రమాదకరం. గాలిలో పెట్రోలు ఆవిరి నూటికి ఒకటిన్నర పాలు మొదలు ఏడున్నర పాళ్ళ వరకు ఉంటే నిప్పురవ్వ చాలు. ఆ కొలత దాటి ఆవిరి నిండి ఉంటే మనిషి క్షణాలలో స్పృహ తప్పుతాడు. అడుగున పేరుకొన్న మడ్డిని కదలిస్తే మళ్ళీ ఆవిరి లేస్తుంది. మన దేశంలో సీసం కలిపిన పెట్రోలు అమ్మకం 2000 ఫిబ్రవరి 1 వరకు సాగినది గనుక, అంతకు పూర్వపు ట్యాంకుల మడ్డిలో సీసం కూడ ఉండవచ్చును. ఇట్టి ట్యాంకులో ఎవరు దిగుతున్నారు? రోజు కూలీ మీద కంట్రాక్టరు తెచ్చిన కుర్రవాడు. అతని ఒంటి మీద ముసుగు లేదు, నడుముకు త్రాడు లేదు. పైన వాయు పరీక్ష యంత్రం లేదు. ట్యాంకు వాయురహితమని అర్హుడైన వ్యక్తి ధ్రువపత్రం ఇవ్వకుండ మనిషిని దింపరాదు, గ్యాసు కట్టరు పెట్టరాదు. పాత ఇనుము కొన్నవాడు తన దొడ్డిలో దానిని కోస్తాడు. అక్కడ పేలితే అది "వేరే చోటి ప్రమాదం". ఆ కుర్రవాడు మన సభ్యుడు కాడు గదా అని ఊరకుండే యూనియన్ యూనియన్ కాదు.

మన కోర్కెలు

అందుచేత అన్ని శాఖలు, అన్ని డివిజన్లు ఈ క్రింది కోర్కెలను తీర్మానించి యాజమాన్యాలకు, జిల్లా అధికారులకు, రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలికి పంపవలెనని కోరుతున్నాము.

1. ప్రతి డివిజనులో, ప్రతి డిపోలో భూగర్భ ఇంధన ట్యాంకులు ఉన్న, ఒకప్పుడు ఉన్న చోట్లన్నిటి జాబితాను పటంతో సహా ప్రకటించవలెను.

2. ట్యాంకు తీసిన నాడే గొయ్యి అడుగు నుండి, నాలుగు ప్రక్కల నుండి, గొట్టాలు పోయిన దారి నుండి, పంపు దిమ్మె క్రింద నుండి నమూనాలు తీసి గుర్తింపు పొందిన ప్రయోగశాలకు పంపవలెను. ఫలితం రాకుండ గొయ్యి పూడ్చరాదు. తీసిన మట్టినే తిరిగి అందులో పోయరాదు.

3. చుట్టుప్రక్కల బావులను, బోర్లను వానలకు ముందు, వానల తరువాత పరీక్షించవలెను. కనీసం రెండు వానాకాలాలు గడిచే వరకు ఇది సాగవలెను. నీరు చెడిన ఇంటికి ట్యాంకు యజమాని తన ఖర్చుతో మంచినీరు సరఫరా చేయవలెను.

4. వాయు పరీక్ష, ముసుగు, రక్షణ త్రాడు, పైన కాపలా మనిషి లేకుండ ఎవరినీ ట్యాంకులో దింపరాదు. కంట్రాక్టరు తప్పు అని ప్రధాన యజమాని తప్పించుకొనరాదు.

5. శుభ్రపరచని ట్యాంకును పాత ఇనుముగా అమ్మరాదు.

6. పరీక్షా ఫలితాలను ఆ స్థలం వద్దనే, అక్కడివారు చదువగల భాషలో బోర్డు మీద పెట్టవలెను.

7. మట్టి, నీరు బాగుపడినట్లు తేలే వరకు ఆ స్థలాన్ని లీజుకు ఇవ్వరాదు, అక్కడ క్వార్టర్లు, బడులు, ఆటస్థలాలు కట్టరాదు.

8. త్రవ్వి తీసిన ట్యాంకులో రంధ్రం కనబడితే, ఆ ట్యాంకు లెక్కలలో షార్టేజి క్రింద ఉద్యోగుల నుండి వసూలు చేసిన కేసులన్నిటినీ తిరిగి విచారించవలెను. తప్పు లేనివారి సొమ్ము వారికి, వారు లేకపోతే వారి కుటుంబాలకు తిరిగి చెల్లించవలెను.

ఇక మనం చేయవలసినది. ప్రతి శాఖ తన పరిధిలోని పదవీ విరమణ చేసిన ఫిట్టర్లను, ఖలాసీలను, స్టోరు గుమాస్తాలను, మోటారు డ్రైవర్లను కలిసి, పాత ట్యాంకులు ఎక్కడెక్కడ ఉండేవో అడిగి వ్రాసికొనవలెను. కాగితాలు పోయి ఉండవచ్చును, వారి జ్ఞాపకం పోలేదు. వారు ఉండగానే ఈ పని జరగవలెను. 2005 సమాచార హక్కు చట్టం క్రింద పాత స్టాకు రిజిస్టర్లను, పరీక్షా నివేదికలను అడుగవలెను. ఏ నెలలో ఎంత "ఆవిరి నష్టం" వ్రాశారో చూస్తే, ఏ ట్యాంకు ఎన్నాళ్ళు కారినదో ఆ రిజిస్టరే చెబుతుంది. బోరు నీటిలో వాసన వస్తే ఆ రోజే తేదీ వేసి వ్రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వవలెను. నోటిమాట మరుసటి దినానికి మిగలదు.

టాటీబంధ్‌లో ఆ గొయ్యి మీద ఇప్పుడు లారీలు నిలుపుతున్నారు. పైకి చూచినవాడికి అక్కడ ఏమీ లేదు. టీ కొట్టు యజమాని రోజూ రెండు డబ్బాల నీరు కొని తెచ్చుకొంటున్నాడు. తాను చేయని తప్పుకు తన సంపాదనలో నుండి దినదినం జరిమానా కడుతున్నాడు. ఆనాడు మన గుమాస్తా కట్టినట్లే. ఒకరి జీతం నుండి, మరొకరి గల్లాపెట్టె నుండి సాగుతున్న ఈ వసూలు ఆగవలెను. ఇంధనం వాడుకొన్నవాడే ఆ గొయ్యిని మళ్ళీ త్రవ్వించి, మట్టిని చూపించి, బాగుచేసి, అప్పుడు సంతకం పెట్టవలెను. ఆ సంతకం పడే వరకు ఈ పేజీలలో ఈ సంగతి మళ్ళీ మళ్ళీ వ్రాస్తూనే ఉంటాము.